పైచెరువు నీళ్ళు

మా ఆయన నన్ను మొట్టమొదట తలకిందులుగా చూసింది ఆ ఎండాకాలంలోనే. అప్పటికి నేను కాపరానికి వచ్చి ఆరేళ్ళయింది. నిలువుగా చూసీ చూసీ విసుగెత్తి ఉంటుందిలే అని నేను వేళాకోళం చేసేదాన్ని.

నిజానికి తప్పు ఆయనది కాదు, ఓవర్సీరు ధనుంజయరావు గారి యంత్రానిది. మూడు కాళ్ళ మీద నిలబెట్టే ఇత్తడి దుర్భిణి అది. అందులోంచి చూస్తే ఎదుట ఉన్నదంతా దగ్గరికొస్తుంది గాని, తిరగబడి వస్తుంది. చెట్ల మొదళ్ళు పైన, కొమ్మలు కింద. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి మా పల్లె ఆడవాళ్ళు ఆ యంత్రం ఇటు తిరిగితే అటు పరుగు. మనిషి తలకిందులైతే ఒంటి మీద చీర నిలవదు కదా అని వాళ్ళ భయం. నేను మిషన్ బడి పంతులమ్మను, నరసరావుపేట బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని. అద్దంలో తిరగబడేది బొమ్మేగాని మనిషి కాదని అందరికీ నచ్చజెప్పాను. చెప్పి, నేనూ ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకునే నడిచాను.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. అంతకు ముందటి వానకాలం పూర్తిగా మొగం చాటేసింది. మా ఊరు మాచర్లకు ఆరు మైళ్ళు. ఊరికొక చెరువు, మా పల్లెకొక చెరువు. రెంటికీ నడుమ అరమైలు నల్లరాతి మిట్ట. ఊరివాళ్ళది పైచెరువు, మాది కిందిచెరువు. ఆ పేర్లు ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. ఊరు పైది, పల్లె కిందిది కాబట్టి చెరువులూ అంతే అనుకున్నారు. ఊరి నుంచి వచ్చేటప్పుడు మిట్ట ఎక్కుతున్నట్టే తెలియదు, అంత మెల్లటి వాలు. మావైపు మాత్రం మెట్లు దిగినట్టు గభాలున దిగాలి. అందుకని మేము కూడా మాదే పల్లం అనుకున్నాం.

పైచెరువు పెద్దది, వెడల్పుది, పూడిపోయింది. ఆ ఏడు ఉగాదికే అడుగు బీటలు తీసింది. మా చెరువు చిన్నదైనా లోతు. వెనకటి కరువులో మిషన్ దొర గింజలిచ్చి పని పెడితే మా పల్లెవాళ్ళే తవ్వుకున్నారు. అడుగున నాపరాయి పొర తగిలి, దాని సందుల్లోంచి ఊట పుట్టింది. మా మామ ఇన్నయ్య అప్పుడు పాతికేళ్ళ మనిషి, మొదటి గునపం ఆయనదే. ఊరంతా బండ్లు కట్టుకుని నాలుగు మైళ్ళ అవతలి వాగు మడుగులకు పోతుంటే, మా చెరువులో ఇంకా నిలువులోతు నీళ్ళున్నాయి.

ఆ కరువు కథ మామ ఎన్నిసార్లు చెప్పినా ఒక్కచోటే ఆగేవాడు. మా చెరువు లేని రోజులవి. కుండ పట్టుకుని పైచెరువు కట్ట కింద నిలబడితే ఊరివాళ్ళెవరైనా దయతలచి పోయాలి. మేము దిగి ముంచుకోకూడదు. ఒకనాడు పొద్దున్నే పోయి పొద్దు వాలిందాకా నిలబడితే ఎవరూ పోయలేదు. కళ్ళ ముందు అందరూ దోసిళ్ళతో తాగుతున్నారు. ఖాళీ కుండతో తిరిగొచ్చాడు.

"పటికబెల్లం నీళ్ళు అయి. తాగేవోళ్ళ మొకాలు చూస్తే తెలవదా?" అనేవాడు ఆఖర్న. నేను చెప్పే ఎండాకాలానికి ఆయనకు డెబ్భై దాటాయి. తర్వాత కుండల్లో పోయించుకున్నవి తాగాడట గాని, అవి లెక్కలోకి రావట. చెరువులో చెయ్యి పెట్టి తాగితేనే ఆ రుచి తెలుస్తుందని ఆయన పట్టు.

ధనుంజయరావు గారి డేరా మిట్ట పక్కన చింతతోపులో వేశారు. కృష్ణ మీద కొండల నడుమ ఎక్కడో పెద్ద ఆనకట్ట కట్టవచ్చా, కడితే కాలవలు ఏ దారిన పోవాలి అని నేలంతా కొలుచుకుంటూ తిరిగే గుంపుల్లో ఆయనదొకటి. సన్నగా, ఎండకు కమిలిపోయి, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తూ సైకిలు తోసుకుంటూ కనపడేవాడు. ఎవరు పలకరించినా ఒకటే మాట.

"జలాశయం ఒక్కటే ఉంటే లాభం లేదండీ. ఒకదానితో ఒకటి కలపాలి. ఒకటి ఎండితే రెండోది ఆదుకోవాలి. నీళ్ళు దూకే చోట చక్రాలు పెడితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో మాచర్లలో దీపాలు వెలుగుతాయి."

మా మునసబు త్రికోటేశ్వరరావు గారు ఎదురుగా తల ఊపి, సైకిలు మలుపు తిరగ్గానే "పాపం, ఎండదెబ్బ" అనేవాడు.

మా ఆయన దానయ్య ఆ గుంపులో కర్ర పట్టుకునే పనికి కుదిరాడు. అంకెలు వేసిన పద్నాలుగడుగుల కర్ర అది. దాన్ని నిటారుగా పట్టుకుని నిలబడితే, దూరం నుంచి ఓవర్సీరు దుర్భిణిలో అంకె చూసి పుస్తకంలో రాసుకుంటాడు. కర్ర ఇసుమంత వాలినా లెక్క చెడుతుంది. మా ఆయన ఇంట్లో నీళ్ళ బిందె తిన్నగా దించలేడు గాని, ఆ కర్రను మాత్రం గుళ్ళో దీపం పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. అంతలో ఓవర్సీరు గారి గుమాస్తాకు చలిజ్వరం వచ్చి ఇంటికి పోయాడు. పుస్తకంలో అంకెలు శుభ్రంగా ఎత్తిరాసి, లెక్క తేల్చే పని నాకొచ్చింది. ఎండాకాలం సెలవులు, నాకూ తోచడం లేదు.

అందులో మంత్రమేమీ లేదు. కర్ర మీద కనిపించిన అంకె పెరిగితే అక్కడ నేల దిగినట్టు, తగ్గితే నేల ఎక్కినట్టు. కూడికలు, తీసివేతలు. మాచర్ల వైపు నుంచి వచ్చిన కొలత పైచెరువు అడుగు మీదుగా, మిట్ట ఎక్కి, మా చెరువులోకి దిగి ముందుకు పోయింది. నేను లెక్క వేసుకుంటూ మా చెరువు దగ్గరకొచ్చి ఆగిపోయాను. ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ వేశాను. మూడోసారి పిల్లల్ని తిట్టినట్టు నన్ను నేను తిట్టుకుంటూ వేశాను. ఒకటే జవాబు. మా కిందిచెరువు అడుగు, ఊరి పైచెరువు అడుగు కంటే నాలుగడుగుల మూడంగుళాలు ఎత్తున ఉంది.

మా ఆయన భోజనానికి రాగానే చెప్పాను. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"అంటే మనదే పైచెరువా?"

"మెల్లగా అనయ్యా. గోడలకు చెవులుంటయ్."

"ఏమే, ఇంతకన్నా సంతోషమైన మాట మన ఇంటా వంటా ఇంకోటి ఉందా? ఇప్పుడే పోయి మిట్టెక్కి అరుస్తా."

"అరుచుకో. రేపు మునసబు గారు తాసిల్దారుని తీసుకొస్తడు. పైచెరువుకి కాలవ తియ్యండి, నీళ్ళు వాటంతటవే పోతయ్ అంటరు. మన చెరువు పదిరోజుల్లో ఎండిపోద్ది. ఆ తర్వాత కుండ పట్టుకుని యాడ నిలబడదాం?"

ఆయన మజ్జిగ పోసుకోవడం మరిచిపోయి లేచాడు.

"చెప్పొద్దంటే చెప్పనులే. నాకు నోరు లేదనుకో," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

ఓవర్సీరు గారు ఏటి వైపు కొండలు చూసి రావడానికి వారం రోజులు వెళ్తూ ఎత్తిరాసిన కాగితాలు అడిగాడు. ఆ ఒక్క పేజీ తప్ప అన్నీ ఇచ్చాను. సిరా బిళ్ళలు అయిపోయాయని చెప్పాను. సిరా బుడ్డి నా వెనక కిటికీలో ఉంది. ఆ ఆదివారం పిల్లలకు పది ఆజ్ఞలు చెప్పిస్తూ అబద్ధం దగ్గరకొచ్చేసరికి నాకు దగ్గొచ్చింది. ఆ వారమంతా మా ఆయన అన్నం ముందు కూర్చుని తనలో తను నవ్వుకునేవాడు. నాకు మాత్రం నిద్ర లేదు. ఆ పేజీ బైబిల్లో పెట్టాను, అక్కడైతే ఎవరూ వెతకరని కాదు, ఇంకెక్కడ పెట్టినా భయమేసింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పున్నమ్మ గారు మా చెరువు కట్ట మీదికొచ్చింది.

ఊళ్ళో సగం మాగాణి ఆమెది. భర్త పోయినా నలుగురు పాలేళ్ళతో వ్యవసాయం చేయించే మనిషి. ఆ రోజు వాగు నుంచి వస్తుంటే బండి ఇరుసు విరిగి పీపాలో నీళ్ళన్నీ నేలపాలయ్యాయట. ఇంట్లో ఆవు ఈని నాలుగు రోజులు. ఆమె ఇత్తడి బిందె తీసుకుని, ఒక్కతే మిట్ట దిగి వచ్చి, మా రేవుకు పది అడుగుల దూరంలో ఆగిపోయింది. దిగి ముంచుకుంటే ఊళ్ళో మాటపడాలి. ముంచుకోకపోతే గొడ్డు బతకదు. అడగడానికి ఆమెకు నోరు రాలేదు. పల్లెలో ఎవరికీ ఆమెను అడిగే ధైర్యం లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె బిందె చంకన పెట్టుకుని అట్లాగే నిలబడింది.

మా మామ పందిరి కింద జనపతాడు పేనుతున్నాడు. చూపు ఆనదు గాని ఎవరో నిలబడ్డారని తెలిసింది.

"ఎవురే అమ్మాయ్ అది?"

"పున్నమ్మ గారు మామా."

"ఎంతసేపయింది వచ్చి?"

"గంట అయి ఉంటది."

తాడు పక్కన పెట్టాడు. నేను ఆయన మొహం చూస్తూనే ఉన్నాను.

"పొయ్యవే అమ్మాయ్," అన్నాడు. "పొద్దు వాలిందాకా నిలబెట్టమాక."

నేను కుండ తీసుకుని రేవులోకి దిగాను. వాళ్ళు మాకు పోసేటప్పుడు తగలకుండా ఎత్తు నుంచి పోస్తారు. సగం నీళ్ళు చేతుల మీదే పోతాయి. నాకూ అట్లాగే ఎత్తు నుంచి పోయాలని బుద్ధి పుట్టింది. నిజం చెప్తున్నాను, కుండ పైకెత్తాను కూడా. ఎందుకో దించి, బిందె మూతికి ఆనించే పోశాను. ఒక్క చుక్క కింద పడలేదు.

"మా ఆవు ఈనింది. దాని కోసమే," అంది పున్నమ్మ గారు.

అని, బిందె ఎత్తి గటగటా తాగింది. నేను చూడనట్టు కొంగు సర్దుకున్నాను. మళ్ళీ నింపాను.

"నీ పేరేందమ్మా?"

ఆరేళ్ళుగా ఆమె ఇంటి ముందు నుంచే బడికి పలకలు మోసుకుపోతున్నాను. "జీవరత్నం అండీ."

"సల్లగుండు," అని బిందె చంకనెత్తుకుని మిట్ట ఎక్కింది. మెల్లగా, నీళ్ళు తొణక్కుండా ఎక్కింది.

ఆమె కనుమరుగయ్యాక నేను ఇంట్లోకి పోయి బైబిల్లోంచి ఆ పేజీ తెచ్చి మామ ముందు కూర్చున్నాను. చదివి వినిపించి, లెక్క విడమరిచి చెప్పాను. దాచానని కూడా చెప్పాను. ఆయన అంతా విని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి, దగ్గు మళ్ళీ నవ్వులోకి తిరిగింది.

"మనది పైనా? ఓర్నాయనో! డెబ్భై ఏళ్ళు ఆళ్ళకి తలొంచుకుని మిట్టెక్కి దిగితిమి గందే!"

"ఏం చేద్దాం మామా? నన్ను తిట్టు, కొట్టు, నాకేం తోచట్లేదు."

"ఇప్పుడియ్యకపోతే నేను నిలబడ్డ రోజుకీ, ఆమె నిలబడ్డ రోజుకీ చెల్లు. అంతే గందా. చెల్లు అని చెప్పి ఆళ్ళ గొడ్లకి దప్పిక తీరిద్దా?" కళ్ళు తుడుచుకున్నాడు. "ఇద్దాం. అయితే మన షరతుకి ఇద్దాం. ఓవర్సీరు గారిని రానియ్."

ధనుంజయరావు గారు తిరిగొచ్చి ఆ పేజీ చూసి నన్నేమీ అనలేదు. నా వెనక కిటికీలో సిరా బుడ్డిని చూసి, "దొరికిందన్నమాట," అన్నాడు. నేను నేలలోకి కుంగిపోయాను. ఆయన అప్పటికే కాగితం మీద గీతలు గీస్తున్నాడు.

మిట్ట ఊరివాళ్ళదీ కాదు, మాదీ కాదు కాబట్టి అందరూ అక్కడే చేరారు. ఊరివాళ్ళు ఒకవైపు, మేమొకవైపు, నడుమ యంత్రం. సంగతి చెప్పగానే మునసబు గారు మండిపడ్డాడు.

"పైచెరువు కింద ఎట్టా ఉంటదయ్యా? పేరులోనే ఉంది గందా!"

"మీరే చూడండి," అన్నాడు ఓవర్సీరు.

దానయ్య మా చెరువులో నీళ్ళ అంచున కర్ర నిలబెట్టాడు. మునసబు గారు ఒక కన్ను మూసి దుర్భిణిలోకి చూశాడు. ఓవర్సీరు గారు అంకె చదివించి, అందరికీ వినపడేలా చెప్పాడు. తర్వాత దానయ్య కర్ర భుజాన వేసుకుని పైచెరువు దాకా పరుగెత్తాడు. అంత ఎండలో ఆయన అట్లా పరుగెత్తడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. యంత్రం అటు తిరిగింది. ఈసారి అంకె పెద్దదొచ్చింది.

"చూశారా, మాదే పెద్దంకె!" అన్నాడు మునసబు గారు ఊరివైపు తిరిగి మీసం దువ్వుతూ. "చెప్పలా, మాదే పైదని?"

"అంకె పెద్దదైతే నేల పల్లమండీ," అన్నాను నేను. ఎవరూ అడగలేదు. బళ్ళో అలవాటు, నోరు ఊరుకోలేదు. "కర్ర ఎంత కిందికి దిగితే అంత పై అంకె కనపడుద్ది."

ఒక్క నిమిషం అందరూ లెక్క వేసుకున్నారు. ముందు నవ్వింది ఊరివాళ్ళే. మునసబు గారు మళ్ళీ దుర్భిణిలోకి వంగి, తన మేడే తలకిందులై కప్పు మీద నిలబడి ఉండటం చూసి, గబుక్కున లేచాడు.

ఆ తర్వాత ఓవర్సీరు గారు నేల మీద పుల్లతో గీసి చెప్పాడు. ఎండాకాలం మా చెరువు నీళ్ళు కాలవలో ఊరివైపు పోతాయి. పైచెరువు అడుగు పల్లమే అయినా దాని కట్ట ఎత్తు, దానికి వానల్లో చేరే వాగులెక్కువ. అది నిండితే నీటిమట్టం మా చెరువు మట్టాన్ని దాటుతుంది. అప్పుడు అదే కాలవలో నీళ్ళు వెనక్కి మావైపు వస్తాయి. ఒకే కాలవ, రెండు దారులు.

"మరి పల్లె చెరువు నీళ్ళు మేం తాగటం ఎట్టా?" అన్నాడు ఊరివాళ్ళలో ఒకాయన, గొంతు తగ్గించి.

పున్నమ్మ గారు గొడుగు ముడిచింది. "అయితే నువ్వు రేపు కూడా వాగుకి బండి కట్టు. అరమైలు నేల మీద నడిచొచ్చిన నీళ్ళని ఎవరింటి నుంచి వచ్చినయ్ అని నేనడగను. నేను తాగా. చచ్చానా?"

తాగానని ఆమె అందరి ముందూ చెబుతుందని నేననుకోలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు మా మామ లేచి షరతు చెప్పాడు. తాను చెరువు నడిమికి పోయి నిలబడతాడు. తన మొలదాకా నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. ఆ మట్టానికే తూము గడపరాయి వేయాలి. అంతకు దిగితే కాలవలోకి ఒక్క చుక్క పోదు. తూము తలుపుకు తాళం వేయాలి, తాళం చెవి పల్లెలో ఉండాలి.

"తాళం చెవి నీ దగ్గరేందిరా?" అన్నాడు మునసబు.

"నీళ్ళు ఆళ్ళయి, తాళం ఆళ్ళది," అంది పున్నమ్మ గారు. "గునపాలు తెప్పించు ముందు."

సర్కారు కొలతల పుస్తకాల్లో ఎక్కడా ఉండని కొలత ఒకటి నా చేత్తో నేనే రాశాను. మామ ఈదుకుంటూ పోయి, చెరువులో తవ్వకుండా వదిలిన రాతిదిమ్మె మీద మెడదాకా నీళ్ళలో నిలబడ్డాడు, తలపాగా తడవకుండా. దానయ్య తెప్ప మీద పోయి ఆయన మొల దగ్గర కర్ర ఆనించాడు. "కదలమాక నానా," అంటే, "నేను కదల్లా, నీ కర్రే కదులుతుంది," అని తండ్రీకొడుకులు నీళ్ళలో పోట్లాడుకున్నారు. ఓవర్సీరు గారు నవ్వాపుకుంటూ అంకె చదివాడు. నేను ఎదురుగా "ఇన్నయ్య మొల" అని రాశాను.

కాలవ పదమూడు రోజులు తవ్వారు. మిట్ట నడుమ పాత బండ్లబాట అప్పటికే కోసుకుపోయి పల్లమై ఉంది, అది సాయపడింది. నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది. లేచిన పలకనల్లా కాలవ పక్కలకు పేర్చారు. మొదట్లో ఊరివాళ్ళు అటునుంచి, మేము ఇటునుంచి తవ్వాం. నడుమ కలిసే చోట గట్టి బండ తగిలింది. ఒకరు గునపం పట్టాలి, ఒకరు సమ్మెట కొట్టాలి. మనుషులు చాలక గునపం అటుది, సమ్మెట ఇటుది అయింది. తట్టలు చేతులు మారాయి. భోజనాలు మాత్రం ఎవరి చెట్టు కింద వాళ్ళవే. అయితే అయిదో రోజుకల్లా పున్నమ్మ గారి గోంగూర పచ్చడి జాడీ మా చెట్టు కిందికొచ్చింది, ఆరో రోజు ఖాళీగా పోయింది. ఆ పచ్చడితో నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నానని ఒప్పుకుంటున్నాను.

నీళ్ళు వదిలిన రోజు సాయంత్రం మామ తాళం తీశాడు. నీళ్ళు దుమ్ము మీద నాలుకలా పాకుతూ మిట్ట దాటాయి. పిల్లలూ పెద్దలూ వాటి పక్కనే నడిచారు. కాలవ చివర పైచెరువులోకి నీళ్ళు నిలువెత్తున దూకే చోట ఓవర్సీరు గారు, దానయ్య ఏదో కట్టుకుని కూర్చున్నారు. దగ్గరికి పోయి చూస్తే సైకిలు చక్రం. దాని ఊచలకు కిరసనాయిలు డబ్బా రేకుముక్కలు కట్టారు. చక్రం అంచుకు సైకిలు దీపం డైనమో ఆనించారు. నీళ్ళు రేకుల మీద పడ్డాయి. చక్రం తిరిగింది. మసక పడుతున్న వేళ, గుంజకు కట్టిన చింతగింజంత బల్బు ఎర్రగా, తర్వాత పసుపుపచ్చగా, తర్వాత తెల్లగా వెలిగింది.

కిరసనాయిలు కంట్రోలులో చీటీల మీద కూడా దొరకని రోజులవి. జనం నోరు తెరుచుకుని చూశారు.

"నూనె యాడ పోశారు?" అన్నాడు మునసబు గారు, చక్రం చుట్టూ తిరిగి.

"నీళ్ళే నూనెండీ. కృష్ణలో ఇట్లాంటి చక్రాలు తిరుగుతాయి, ఇళ్ళంతేసి," అన్నాడు ధనుంజయరావు గారు. ఆయన కళ్ళజోడులో ఆ బల్బు రెండుగా కనిపించింది. ఈసారి ఎవరూ ఎండదెబ్బ అనలేదు. మునసబు గారు బల్బుతో బీడీ ముట్టించుకోబోయి అంటుకోక వదిలేశాడు.

జూన్‌లో డేరా ఎత్తేశారు. కర్ర తిన్నగా పట్టే మనిషి దొరకడం కష్టమని ఓవర్సీరు గారు దానయ్యను పర్మనెంటు పనికి తీసుకుని ఏటి వైపు వెంటబెట్టుకుపోయారు. నెలకొకసారి వస్తానన్నాడు మా ఆయన. నేను ఏడ్చాను, గర్వంగానూ ఉంది. రెండూ నిజమే. తాళం చెవి మా ఇంట్లో గోడమేకుకు వేలాడింది. పొద్దునా సాయంత్రం ఊరి నుంచి ఎవరో ఒకరు మా గుమ్మం ముందుకొచ్చి, "ఇన్నయ్యా, కాస్త తూము తీస్తావా?" అని అడిగేవాళ్ళు. మామ తీరిగ్గా లేచేవాడు. అంత తీరిక ఆయనకు ఎన్నడూ లేదు.

తర్వాత వానలు పట్టాయి. పట్టడం అంటే అట్లా ఇట్లా కాదు, నాలుగు రోజులు ఆగలేదు. అయిదో రోజు తెరపివ్వగానే పున్నమ్మ గారి పాలేరు మిట్ట మీద నుంచి కేకేశాడు. "ఇన్నయ్యా, పైచెరువు నిండింది! నీళ్ళు మీ దిక్కు తిరిగినయ్! అమ్మగారు తూము తెరవమంటున్నరు!"

నేను మామ చెయ్యి పట్టుకుని తూము దగ్గరికి నడిపించాను. తాళం ఆయనే తీశాడు, తలుపు నేను ఎత్తాను. ఎర్రటి నీళ్ళు, ఊరివైపు నుంచి, మేము తవ్విన కాలవలో మావైపు వచ్చాయి. నురగతో, ఆకులతో, ఊరి వాసనతో వచ్చాయి. కాసేపటికి మన్ను కొట్టుకుపోయి కొంచెం తేటపడ్డాయి.

మామ కాలవ అంచున పలక మీద కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు, ఏం ప్రార్థించాడో నాకు వినపడలేదు. పైచెరువు నీళ్ళలో రెండు చేతులూ మణికట్ల దాకా ముంచాడు. దోసిలి నింపి తాగాడు.

నేను మామ మొహం వైపే చూస్తున్నాను. ఆయన నాలుక చప్పరించాడు. కనుబొమ్మలు ముడిచాడు.

"ఇంతేనా అమ్మాయ్?" అన్నాడు. "మన నీళ్ళే నయం."

అని, మళ్ళీ దోసిలి ముంచాడు.